జానెడున్నర పైపు

ఊకల్ సబ్‌సెంటర్ల చేరిన యేడు కొన్న లూనా ఇది.
ఎన్ని కాన్పులకు ఉరికిందో దానికే ఎరుక,
నా రిజిస్టర్ల సగమే ఉన్నయి.

మొన్న బుధవారం
టీకాల డబ్బా వెనుక కట్టుకొని పోతాంటే
గీసుగొండ దాటినంక వాసన.
స్పిరిట్ వాసన, నా చేతులదే అనుకున్న.
కిందికి చూస్తే చెప్పు మీద చుక్క,
చుక్క వెనుక చుక్క.
బాటిల్ కింద నిలబడి చుక్కలు లెక్కపెట్టిన కండ్లాయె,
భయం కంటే ముందు లెక్కనే వచ్చింది:
నిమిషానికి ఇరవై రెండు.
ఇంజన్ సలసల కాలుతున్న సంగతి
ఆ తర్వాత యాదికొచ్చింది.

తప్పు నాదే.
పోయిన నెల పాత పైపు పగిలితే
సెలైన్ సెట్టు గొట్టం కోసి తొడిగిన.
తెల్లగ, మెత్తగ,
లోపల పెట్రోలు పారేది కండ్లకు అవుపడుకుంట.
నరం దొరకని ముసలోళ్ళకు సూది ఎక్కించినదాన్ని,
ఇదెంత అనుకున్న.
నెల తిరగకముందే పచ్చబడ్డది, బిర్రబిగిసింది,
వంచితే కోడి ఈక కాడ లెక్క పటుక్కుమన్నది.

కాశిబుగ్గల మొగిలి షెడ్డు.
"మనిషి గొట్టం మనిషికి, బండి గొట్టం బండికి నర్సమ్మా"
అన్నడు గని నవ్వలేదు.
కిటికీల వరుసగ తొక్కు సీసాలు చూపించిండు,
తొక్కు కాదు, పెట్రోలు.
ఒక్కోదాంట్ల ఒక్కో ముక్క,
మూత మీద నానబోసిన తారీఖు.

నల్ల రబ్బరు ఉబ్బింది.
గోటితో గీకితే మసి అంటింది.
"ఇది తాగుతది. తాగి పొట్టుపొట్టు రాల్తది,
ఆ పొట్టు పోయి కార్బరేటర్ల కూసుంటది."
పక్క సీసాల నా గొట్టానికి తోడబుట్టిందే,
కట్టెపుల్లయి ఉంది.
రాగిది కూడ ఒకటుంది.
రాగి చెడదు గదా అన్న.
"బిందెకు రాగి మంచిదే. పెట్రోలుకు జిగురు పుట్టిస్తది.
పైగా వణికి వణికి అలసిపోయి పగుల్తది,
నీ లూనా వణుకుడు నీకు చెప్పాల్నా?"

ఆఖరి సీసాల ముక్క
మీద రబ్బరే, లోపలి పొర వేరే జాతి.
ఆర్నెల్ల సంది నానుతున్నా
పెట్టినోడు పెట్టినట్టే ఉంది.
చెప్పుకోను ముచ్చట లేని మనిషి లెక్క.

"ఇరవై ఏండ్లు ఆగిన రబ్బరు
ఇప్పుడెందుకు ఆగుతలేదు మొగిలీ?"
"అప్పటి పెట్రోలు కాదమ్మా. సారా కలుస్తంది."
"దేంతోని తీస్తరు?"
"చెరుకు. నూకలు. మక్కలు."

మక్కలు.
ఎనుమాముల యార్డుకు పోయే ట్రాక్టర్లన్నీ
మా సెంటరు ముంగటికెళ్ళే పోతయి.
బీపీ గోలీలకు వచ్చినప్పుడల్లా రాజపోచయ్య
నాలుగు కంకులు బల్ల మీద పెట్టి పోతడు.
కాల్చుకొని, ఉప్పుకారం రుద్దుకొని తిన్న.
మిగిలినయి ఏ కార్ఖానకు పోయినయో,
ఎవరి బండి పైపు కొరుకుతున్నయో
ఆయనకు తెల్వదు. నాకూ తెల్వదు.

మీటరు నాలుగు వందలట.
జానెడున్నర చాలన్న.
నా జానతోని కొలిస్తే చిన్నగ వచ్చిందని
తన జానతోని కొలిచి కోసిండు,
పైసలు నా జానకే తీసుకున్నడు.
నేను బైండింగు తీగ తీస్తాంటే చెయ్యి పట్టి ఆపిండు:
"తీగ కోస్తది. క్లిప్పు పెట్టాలె."
క్లిప్పు సంగతి నాకు చెప్పుతున్నవా అయ్యా,
ఎన్ని బొడ్లకు పెట్టిన ఈ చేతులతోని!
అప్పుడు నవ్విండు.
జరిగి కూసున్నడు.
రెండు క్లిప్పులూ నేనే బిగించిన.

సంచిలకెళ్ళి ప్లాస్టరు ముక్క తీసి
పైపుకు చుట్టి, పెన్నుతోని తారీఖు రాసిన,
మూత తీసిన మందు సీసా మీద రాసినట్టే.

ఊకల్ దాక వాసన రాలేదు.
వాసన రాలేదనే
రెండుసార్లు ఆపి, వంగి చూసిన.